పది, ఇరవై, ముప్పై

సి లాంగ్వేజిలో తబితకి తప్పు పోయిందని ఎవరూ విని ఎరగరు. అనకాపల్లి మెయిన్ రోడ్డులో చెప్పుల షాపు పైన ఉన్న త్రినాధరావు గారి కంప్యూటర్ సెంటర్లో మిగతావాళ్ళంతా ప్రోగ్రాం కొట్టి, ఎర్రర్లు తెచ్చుకుని, వాటిని చూసి జుట్టు పీక్కుంటూ ఉంటే, తబిత కాగితమైనా విప్పకుండా టకటకా కొట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"తబితని చూసి నేర్చుకోండర్రా" అనేవాడు పాఠం చెప్పే నానాజీ సార్.

తబిత తల దించుకునేది. అందరూ దాన్ని వినయం అనుకునేవారు. అది వినయం కాదు, భయం. కొట్టినదానికి అర్థం ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని.

అర్థం ఆమెకి తెలీదు. తెలియాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. సొంతూరు తుమ్మపాలలో సండే స్కూలుకి వెళ్ళిన నాటి నుంచి ఆమెకి వచ్చిన విద్య ఒక్కటే, కంఠతా పట్టడం. ఇంట్లో ఉన్న సబ్బుపెట్టెలు, టిఫిను డబ్బాలు, గోడ గడియారం, అన్నీ బైబిలు వాక్యాలు అప్పజెప్పి తెచ్చుకున్న బహుమతులే. ఊళ్ళో బడిలోనూ అంతే. సోషలు, సైన్సు, లెక్కల్లో సిద్ధాంతాలు, ఏదైనా సరే, మాస్టారు నోట్సు ఇచ్చిన మర్నాటికి తబిత నోట్లో ఉండేది. కాబట్టి సి లాంగ్వేజిని కూడా ఆమె అలాగే స్వీకరించింది. ప్రతి లైను చివరా సెమీకోలన్‌ని ఆమెన్ అన్నంత భక్తిగా పెట్టేది.

ఈ విద్యలో ఒకటే ఇబ్బంది. మధ్యలోంచి అందుకోవడం రాదు. నానాజీ సార్ ఎప్పుడైనా "నాలుగో లైనేటి?" అని అడిగితే, తబిత మనసులో మొదటి లైను నుంచి మొదలుపెట్టి, పెదాలు కదుపుకుంటూ నాలుగో లైను దాకా వచ్చి, అప్పుడు చెప్పేది. ఈ ఆలస్యాన్ని అందరూ ఆలోచన అనుకునేవారు. తబిత గురించి జనం అనుకున్నవన్నీ నిజమైతే ఆమె ఎప్పుడో హైదరాబాదులో ఉండవలసింది.

సెంటర్లో పద్ధతి కూడా ఆమెకి తగినట్టే కుదిరింది. కింద చెప్పుల షాపు, పైన గుమ్మం ముందు విడిచిన చెప్పుల గుట్ట. కంప్యూటర్లకి దుమ్ము పడదని చెప్పులు బయటే వదలాలి. లోపల ఏసీ చల్లదనం, కంప్యూటర్ల నీలం తెరలు. ప్రతివాళ్ళ దగ్గరా మెటీరియల్ అని ఒక జెరాక్స్ పుస్తకం. అట్ట మీద త్రినాధరావు గారి పేరు, డిగ్రీలతో సహా. లోపల పేజీకో ప్రోగ్రాం, కింద గీత గీసిన గడిలో దాని ఔట్‌పుట్. మన తెర మీద వచ్చినదీ గడిలో ఉన్నదీ ఒకటైతే నానాజీ సార్ టిక్కు పెడతాడు. లేకపోతే పెట్టడు. మూడు సంఖ్యల్లో పెద్దది కనిపెట్టే ప్రోగ్రాం ఉంది. గడిలో పది, ఇరవై, ముప్పై ఇచ్చినట్టు, పెద్ద సంఖ్య ముప్పై అని వచ్చినట్టు ఉంటుంది. అందుకని అందరూ పది, ఇరవై, ముప్పై ఇచ్చేవారు. ఏ బ్యాచ్‌లోనూ ఎవరూ ఇంకో అంకె ఇచ్చిన పాపాన పోలేదు. ఇస్తే టిక్కు ఎలా పడుతుంది?

కోర్సు ఆఖరికొచ్చేసరికి త్రినాధరావు గారు అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. శనివారం సాయంత్రం డెమో పెడుతున్నారు. తల్లిదండ్రుల్ని, ఊళ్ళో నలుగురు పెద్దమనుషుల్ని పిలుస్తున్నారు. ఇద్దరు విద్యార్థులు వాళ్ళ ముందు ప్రోగ్రాములు చేసి చూపించాలి. బాగా చేసినవాళ్ళని కొత్త బ్యాచ్‌కి ల్యాబ్ అసిస్టెంటుగా తీసుకుంటారు.

"తబితా, నువ్వొకటి. బిందుమాధవీ, నువ్వొకటి" అన్నారు.

బిందుమాధవి అనకాపల్లి అమ్మాయే. నోరూ చేయీ ఆగవు. ప్రతి ప్రోగ్రాంకీ ఎర్రర్లు తెచ్చుకుని, వాటిని పైకి చదివి, నవ్వి, దిద్దుకునేది.

"నాకిచ్చేదేటి సార్, ఎలాగూ తబితకే కదా" అంది.

తబిత తల దించుకుని మెటీరియల్ పేజీలు తిప్పింది. కానీ ఆ ఉద్యోగం తనకి ఎంత కావాలో ఆమెకే తెలుసు. అది రాకపోతే ఊళ్ళో కాన్వెంటులో ఎల్కేజీ పిల్లలకి చెప్పడానికి అమ్మ స్వర్ణకుమారి అప్పటికే మాట్లాడి ఉంచింది. ఎల్కేజీ అంటే రైమ్స్. పెద్ద గొంతుతో, చేతులు తిప్పుతూ, ఏనుగు ఎలా నడుస్తుందో నడిచి చూపిస్తూ పాడాలి. గోడవతల పెద్దమ్మకి వినపడేలా ఒక్క మాటైనా మాట్లాడి ఎరగని తబితకి, ఏనుగై నడవడం తలుచుకుంటేనే ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. కంప్యూటర్ దగ్గర ఆ బాధ లేదు. అది పాడమనదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తండ్రి ఏసురాజు అడిగాడు. ఏసురాజు పంచదార ఫ్యాక్టరీలో సీజను పనివాడు. యార్డులోకి వచ్చిన చెరకు బళ్ళని వరసలో పెట్టించడం ఆయన పని.

"డెమోలో ఏటి సూపిత్తావమ్మా?"

"మూడు అంకెల్లో పెద్దదేదో చెప్పడం నాన్నా."

"నువ్వా?"

"కంప్యూటరు చెప్తాది."

"ఏయే అంకెలిత్తావు?"

"పది, ఇరవై, ముప్పై."

"ఏటంటాది?"

"ముప్పై అంటాది."

ఏసురాజు తల ఊపాడు. "బాగానే సెప్పింది. అదే ముప్పై ముందిచ్చి, పది ఆకర్నిత్తే?"

"అలా ఇవ్వకూడదు నాన్నా."

"ఏం, కాటేత్తాదా?"

"వరస ప్రకారం ఇవ్వాలి. చిన్నది ముందు."

"వరసలో నువ్వే పెట్టిసినాక ఇంక పెద్దదేదని దాన్నడగడమేటి? నేనే బళ్ళన్నీ లైన్లో పెట్టిసి, ఆకరి బండేదిరా అని డ్రైవర్నడిగినట్టుంది."

"మీరూరుకోండి" అంది స్వర్ణకుమారి. "దానికి అచ్చొచ్చిన లెక్క అది. పాస్టరు గారి సేత ప్రార్థన కూడా సేయించేను."

అది నిజం. పోయిన ఆదివారం పాస్టరు గారు తబిత సి లాంగ్వేజి కోసం ప్రార్థన చేశారు. దాని తర్వాత ఏమొస్తుందని అంతకుముందే అడిగి, సి ప్లస్ ప్లస్ అని తెలుసుకుని, ఎలాగూ చేస్తున్నాం కదా అని దాన్ని కూడా కలిపేశారు. సంఘమంతా ఆమెన్ అంది. అంతమంది ఆమెన్ అన్న ప్రోగ్రాం మీద నాన్న ఇలా జోకులెయ్యడం తబితకి కష్టంగానే తోచింది. కానీ పడుకున్నాక ఆ మాట చెవిలో దూరిన చీమలా తిరిగింది. ఏం, కాటేత్తాదా?

మర్నాడు ల్యాబ్‌లో ప్రోగ్రాం కొట్టింది. ఎప్పటిలా ఒక్క ఎర్రరూ లేదు. పది, ఇరవై, ముప్పై ఇచ్చింది. ముప్పై అంది. అప్పుడు అటూ ఇటూ చూసి, దొంగతనంగా అటకెక్కి జాడీ మూత తీసినట్టు, ముప్పై, ఇరవై, పది అని ఇచ్చింది.

పెద్ద సంఖ్య పది అంది కంప్యూటర్.

తబిత ముందు తన చేతుల్ని అనుమానించింది. తర్వాత మిషన్ని. ఏసీ ఎక్కువై జలుబు చేసిందేమో అని కూడా ఒక ఆలోచన వచ్చింది, వచ్చినందుకు తనే సిగ్గుపడింది. మళ్ళీ ఇచ్చింది. వంద, రెండు, ఒకటి. పెద్ద సంఖ్య ఒకటి అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా.

మెటీరియల్ తెరిచి లైను లైనూ పోల్చింది. ఒక్క చుక్క తేడా లేదు. మెటీరియల్లో ఉన్నట్టే ఉంది. అంటే మెటీరియల్ తప్పా? త్రినాధరావు గారి పేరూ డిగ్రీలూ ఉన్న అట్ట మూసి, దాని వైపు చూస్తూ కాసేపు కూర్చుంది. ఇంక చెయ్యడానికి వేరే ఏమీ లేక, ఆ ప్రోగ్రాంని మొదటిసారి చదివింది. అప్పజెప్పడం కాదు, చదవడం.

చదివితే చాలా చిన్న సంగతి. బిగ్ అని ఒక డబ్బా ఉంది. అందులో మొదటి అంకె వెయ్యి అంటుంది ఒక లైను. అందులోనే రెండోది వెయ్యి అంటుంది తర్వాతి లైను. మూడోది వెయ్యి అంటుంది ఆ తర్వాతది. డబ్బాలో ఏముందో చూపించు అంటుంది ఆఖరి లైను. అంతే. ఏది పెద్దదని అడగడం ఎక్కడా లేదు. ఎవరు ఆఖర్న వచ్చి కూర్చుంటే కుర్చీ వాళ్ళది. ఇన్నాళ్ళూ తను కొట్టింది, నానాజీ సార్ టిక్కులు పెట్టింది, సంఘమంతా ఆమెన్ అన్నది దీనికి.

తబితకి నవ్వొచ్చింది. ఆ డబ్బాకీ తనకీ పెద్ద తేడా ఏముంది? ఆఖర్న ఎవరేది వేస్తే అది చూపించడమేగా, ఇద్దరూ చేసేది.

రెండోది వేసేముందు ఒకసారి, మూడోది వేసేముందు ఒకసారి, డబ్బాలో ఉన్నదాని కన్నా ఇది పెద్దదైతేనే అని అడగాలి. రెండు లైన్లు. వేరే ప్రోగ్రాముల్లో అలాంటి లైన్లు ఉన్నాయి, వాటినీ అప్పజెప్పింది. మధ్యలో జాగా చేసి, తన సొంతంగా, ఎవరూ చెప్పని రెండు లైన్లు కొట్టింది. రన్ చేసింది.

ఎర్రర్ వచ్చింది.

"అమ్మో" అంది తబిత, పైకే.

ల్యాబంతా వెనక్కి తిరిగింది. "తబితకి ఎర్రరొచ్చిందర్రా" అని బిందుమాధవి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చేసింది, పెళ్ళి చూడ్డానికి వచ్చినట్టు. "ఏదీ, సూడనీ. బ్రాకెట్టు మూసీలేదే. ఇంత దానికి అంత మొకమెట్టేవేటి? నాకు రోజూ నాలుగొత్తాయి."

బ్రాకెట్ మూశాక ప్రోగ్రాం నడిచింది. ముప్పై, ఇరవై, పది ఇస్తే ముప్పై అంది. వంద, రెండు, ఒకటి ఇస్తే వంద అంది. తబిత ఎటునుంచి ఎటు ఇచ్చినా సరిగ్గా చెప్పింది. ఆమె అప్పజెప్పినట్టు కాకుండా ఆమె అడిగినట్టు ఒక వస్తువు నడవడం అదే మొదలు.

నానాజీ సార్‌ని పిలిచి చూపించింది. ఆయన తెర వైపు, మెటీరియల్ వైపు, తలుపు వైపు చూశాడు.

"ఆ రెండు లైన్లూ ఉండేవి" అన్నాడు గొంతు తగ్గించి. "ఇదివరకటి బ్యాచ్‌లో ఒకడికి సరిగ్గా అక్కడే ఎర్రర్లు వచ్చేయి. ఎంతకీ పోలేదు. తీసీరా అన్నాను. తీసీసేక రన్నయ్యింది, ఔట్‌పుట్ కూడా ముప్పైయే వచ్చింది. వాడి రాత ముత్యాల్లా ఉంటాదని వాడి రికార్డే జెరాక్స్ తీయించేం."

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"ఏటి చేస్తావు? ఆ మెటీరియల్ మీద సార్ పేరుంది. డెమో రేపే. పది, ఇరవై, ముప్పై ఇచ్చీ. చప్పట్లు కొట్టేత్తారు. ఉద్యోగం వచ్చేక నెమ్మదిగా దిద్దుకుందువు గాని."

అలాగే అని తల ఊపింది తబిత. ఎవరేం చెప్పినా ఆమె తల ఊపేది, అదీ కంఠతా వచ్చిన పనే. కానీ లోపల ఒకటి అనుకుంది. రేపు కొట్టేటప్పుడు ఆ రెండు లైన్లూ చప్పుడు కాకుండా కలిపేస్తాను. ఎవరు చూడొచ్చారు?

శనివారం గుమ్మం ముందు చెప్పుల గుట్ట మెట్లదాకా దిగింది. కింద షాపువాడి చెప్పులు ఏవో, పైనవాళ్ళవి ఏవో తెలీకుండా ఉంది. లోపల ముందు వరసలో బెల్లం వ్యాపారులిద్దరు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, పాస్టరు గారు. వెనక వరసలో కొత్త చొక్కాతో ఏసురాజు, పక్కన ఏసీకి కొంగు కప్పుకుని స్వర్ణకుమారి. బిందుమాధవి తన వంతు ఎక్కాల ప్రోగ్రాం చేసింది. రెండు ఎర్రర్లు తెచ్చుకుని, నవ్వేసి, దిద్దుకుని దిగింది. త్రినాధరావు గారు నవ్వలేదు.

"ఇప్పుడు మా తబిత" అన్నారు. "ఈ అమ్మాయికి ఇంతవరకూ తప్పన్నది పోలేదు."

తబిత కూర్చుంది. వెనక ఇన్ని కళ్ళు. సండే స్కూలు పోటీలో స్టేజీ మీద నిలబెట్టినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. అప్పుడేం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. కళ్ళు సగం మూసుకుని వదిలేసింది. వేళ్ళు మొదటి లైను నుంచి అందుకుని, రథం లాగినట్టు లాక్కుపోయాయి. మధ్యలో ఆగడం ఆ వేళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఆఖరి బ్రాకెట్ మూశాక కళ్ళు తెరిచి చూస్తే, ఆ రెండు లైన్లూ లేవు. పాత ప్రోగ్రామే, ముత్యాల్లాంటిది, ఒక్క ఎర్రరు లేకుండా తెర మీద ఉంది.

మించిపోలేదు, పది, ఇరవై, ముప్పై ఇచ్చేస్తే అయిపోతుంది అనుకుంది. సరిగ్గా అప్పుడే త్రినాధరావు గారికి ఉత్సాహం వచ్చింది.

"మేం ముందే అనుకుని చేస్తున్నాం అనుకునేరు. మీలో ఎవరైనా మూడు అంకెలు చెప్పండి" అన్నారు సభ వైపు తిరిగి. తన మెటీరియల్ మీద ఆయనకి అంత నమ్మకం.

బెల్లం వ్యాపారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఏసురాజు లేచి నిలబడ్డాడు. మొన్న రాత్రి తను అడిగినదానికి కూతురు ఈపాటికి జవాబు సిద్ధం చేసుకుని ఉంటుందని ఆయన ధీమా. ఆమెకి చెయ్యందిస్తున్నాననే అనుకున్నాడు.

"ముప్పై, ఇరవై, పది" అన్నాడు.

తబిత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. పక్కన నిలబడ్డ నానాజీ సార్ పెదాలు కదపకుండా "చిన్నది ముందు, చిన్నది ముందు" అంటున్నాడు. నిజమే. వరస మార్చి కొడితే ఎవరికీ తెలీదు. వెనకవాళ్ళకి తెర కనిపించేదే అంతంత మాత్రం. కంప్యూటర్ ముప్పై అంటుంది, సభ చప్పట్లు కొడుతుంది, సోమవారం నుంచి ఉద్యోగం. లేకపోతే ఏనుగు నడక.

కానీ అడిగినది నాన్న. వరసలో నువ్వే పెట్టిసినాక ఇంక దాన్నడగడమేటి అన్నది కూడా నాన్నే. ఏం చెయ్యాలో తెలియని మనిషి చేసే పనే తబిత చేసింది. చెప్పింది చెప్పినట్టు కొట్టింది. ముప్పై. ఇరవై. పది.

త్రినాధరావు గారు తెర మీదకి వంగి, పెద్ద గొంతుతో చదవడం మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి చిన్న గొంతుతో ముగించారు. "పెద్ద సంఖ్య... పది."

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆకర్న వచ్చిన బండికి ముందు తూకమేసినట్టుందే" అన్నాడు ఏసురాజు వెనక నుంచి, ఎవరితోనో అన్నట్టు.

"సార్" అంది తబిత. గొంతు పీలగా వచ్చింది. రెండోసారి కాస్త గట్టిగా వచ్చింది. "ఇందులో అడగడం లేదు సార్. ఏది పెద్దదని అడిగే లైన్లు రెండు పోయేయి. వేత్తాను, ఒక్క నిమిషం."

ఎవరి జవాబు కోసమూ చూడకుండా తెర వైపు తిరిగింది. ఇప్పుడు కళ్ళు మూసుకోవడం కుదరదు. మధ్యలోంచి అందుకోవాలి. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, కోడి గింజలు ఏరుకున్నట్టు కొట్టింది. రన్ చేసింది. ఎర్రర్ వచ్చింది. అంతమంది ముందు.

"బ్రాకెట్టే" అంది బిందుమాధవి వెనక నుంచి. "మళ్ళీ అదే."

ఎవరో నవ్వారు. తబితకీ నవ్వొచ్చింది. బ్రాకెట్ మూసి, మళ్ళీ ముప్పై, ఇరవై, పది ఇచ్చి, కుర్చీ పక్కకి జరుపుకుంది, త్రినాధరావు గారు చదవడానికి వీలుగా.

"పెద్ద సంఖ్య ముప్పై" అన్నారు ఆయన. ఊపిరి పీల్చుకుని, సభ వైపు తిరిగి, "చూశారు కదా. తప్పుంటే ఎలా కనిపెట్టాలో కూడా మా దగ్గర నేర్పిస్తాం" అన్నారు, మొదట్నించీ అదే కార్యక్రమమన్నట్టు.

పాస్టరు గారు ముందు చప్పట్లు కొట్టారు. సి అయిపోయింది కాబట్టి ఇంక సి ప్లస్ ప్లస్‌దే భారమన్నట్టు ఉంది ఆయన ముఖం.

అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు త్రినాధరావు గారు తబితని గదిలోకి పిలిచారు. తిడతారనుకుంది. తిట్టారు కూడా కొంచెం. తర్వాత, "బెల్లం కొట్టు ఆయన తన కోడల్ని చేర్పిస్తారట. తప్పు పట్టిన అమ్మాయి దగ్గరే కూర్చోబెట్టాలట" అన్నారు విసుగ్గా. "సోమవారం రా. ముందు ఆ మెటీరియల్ చూడు. ఎవరికీ తెలియకుండా చూడు."

తబిత సోమవారం చేరింది. ఆ ప్రోగ్రాంలో రెండు లైన్లూ కలిపి, బ్రాకెట్లు లెక్కచూసుకుని, గడిలో ఔట్‌పుట్ కూడా మార్చింది. ముప్పై, ఇరవై, పది. కొత్త బ్యాచ్ వచ్చింది. ఆ ప్రోగ్రాం దగ్గరకి వచ్చిన రోజు తబిత కుర్చీల వెనక నడుస్తూ తెరలు చూసింది. మొదటి తెర మీద ముప్పై, ఇరవై, పది. పక్క తెర మీద ముప్పై, ఇరవై, పది. ఆ చివరిదాకా అదే. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, టిక్కు కోసం చూస్తున్నారు. పెళ్ళి ఆల్బంలో ఒకే పెళ్ళికూతుర్ని పదిచోట్ల అతికించిన ఫోటోలో తననే చూసుకున్నట్టు అనిపించింది తబితకి, పెళ్ళి ఇంకా కాకపోయినా.

ఆ సాయంత్రమే గడి చెరిపేసి, ఔట్‌పుట్ దగ్గర ఖాళీ వదిలి జెరాక్స్ తీయించింది.

మర్నాడు కొండకర్ల నుంచి వచ్చే అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "మేడమ్, కాయితంలో నంబర్లు లేవు. ఏవిమ్మంటారు?"

"నీ ఇష్టం."

ఆ అమ్మాయి కీబోర్డు మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. "ఇష్టం అంటే ఎంత మేడమ్?"

తబిత నవ్వు ఆపుకుంది. నవ్వే హక్కు తనకి లేదు. "మీ ఇంట్లో ముగ్గురి వయసులియ్యి. ఎవరివైనా."

"ముందు మా మామ్మదియ్యొచ్చా?"

"ఇయ్యి. కరవదు."

ఆ అమ్మాయి మామ్మ వయసు కొట్టింది. తర్వాత తమ్ముడిది. మూడోదాని దగ్గర ఆగి, పక్కమ్మాయి ఏమిచ్చిందో చూడ్డానికి మెడ సాచింది. తబిత వంగి, ఆ పక్క తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.